అత్తమ్మ చీరలతో బొంతలు కుడదామనుకుంటున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి

పాతూరి కోడలు (అనంతపురం)
అందరికీ నమస్తే. మా అత్తమ్మ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయినాక ఆమె ట్రంకుపెట్టె తెరిచినాం. అడుగున ఎండిన వేపాకు, దాని మీద పాత పంచె, ఆపైన చీరలు. ఎక్కువ ఎమ్మిగనూరు, ఉరవకొండ నేతవే. రెండు ధర్మవరం పట్టు ఉండాయి. పైన ఉండేవన్నీ ఈమధ్య పిల్లలు కొనిచ్చిన పాలిస్టర్ చీరలు, కొన్నింటికి మడత కూడా విప్పలేదామె.

ఆడబిడ్డలిద్దరూ, తోటికోడలూ, నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. తలా నాలుగు చీరలు పంచుకుని బీరువాలో పెట్టుకుంటే ఎవరు కడతారు? ఇంటికొక బొంత కుట్టుకుందాం అన్నారు అందరూ. ఎండాకాలం మధ్యాహ్నాలు మా పంచలో ఎప్పుడూ ఏదో ఒక బొంత పరిచే ఉండేది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె పక్కన కూర్చుని కుట్టినాను. పొరలు పేర్చడం, కొలతలు, మూలలు మాత్రం అన్నీ ఆమే చూసుకునేది.

ఇప్పుడు మొదటి నుంచీ మేమే చేయాలి. ఎన్ని పొరలు వేయాలి, మధ్యలో దూది పెట్టాలా, పాలిస్టర్ కలపొచ్చా, పట్టు చీరలు ఏం చేయాలి? చిన్నప్పుడు నాతో చదువుకున్న ముగ్గురు ఈ ఊళ్లోనే ఉండారు, విషయం చెప్పగానే మేమూ వచ్చి కూర్చుంటాం అన్నారు. చేతులకు కొదవ లేదు. దారి చెప్పండి.

హంద్రి గట్టు (కర్నూలు)
అమ్మా, మంచి పని పెట్టుకున్నావు. నాకు తెలిసింది చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

చీర అయిదున్నర మీటర్లు అనుకో, పన్నా, అంటే వెడల్పు, మీటరుకు కొంచెం ఎక్కువ. దాన్ని నడిమికి మడిస్తే రెండు పొరలు, ఒక మనిషి పడుకునే కొలత. మూడు చీరలు అట్లా మడిస్తే ఆరు పొరలు. మన సీమ చలికి అది చాలు, ఉతుక్కోవడానికీ మోయగలిగినంత బరువే ఉంటుంది. ఇద్దరికి కావాలంటే ప్రతి చీరా నడిమికి కత్తిరించి రెండు ముక్కలూ పక్కపక్కన అతకాలి, అప్పుడు ఆరు పొరలకు ఆరు చీరలు పడతాయి. అతుకులన్నీ ఒకదాని మీద ఒకటి రాకుండా చూసుకో. ఒక పొరలో అతుకు నడిమిన ఉంటే తర్వాతి పొరలో జానెడు పక్కకు రావాల. లేకుంటే అక్కడ గట్టుకట్టి సూది దిగదు, పడుకుంటే వీపుకు తగులుతుంది.

కిందికీ పైకీ గట్టిగా ఉండే చీరలు పెట్టు. మధ్యలోకి బాగా అరిగినవి, చిరుగులున్నవి, పాత పంచెలు. చిరిగిన చోట చిన్న మాసిక వేస్తే చాలు. అన్నీ ముందు ఉతకాల, గంజి మాత్రం పెట్టొద్దు. ఎర్రవి, నీలివి వేరుగా నానబెట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించు. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని అంటారు, నేనైతే దాన్ని నమ్ముకోను. రంగు పోయేదైతే ఎన్నిసార్లు ఉప్పు వేసినా పోతుంది, లేత రంగు పక్కన పెట్టకుంటే సరి.

నేల మీద పరిచి మూలలకు ఇటుకలు పెట్టు. ఒక్కో పొరా పరిచేటప్పుడు నడుమ నుంచి అంచులకు అరచేత్తో తోస్తా పో. అందరూ తొందరపడేది ఇక్కడే. లోపల ఒక ముడత ఉండిపోయిందంటే తర్వాత ఎవరూ సరిచేయలేరు. పరిచినాక జానెడుకొకటి పెద్ద టాకాలు, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. అడుగు పొర అన్ని వైపులా నాలుగు వేళ్లు ఎక్కువ ఉంచి దాన్నే పైకి మడిచి అంచు చేసుకో. అప్పుడు అసలు కుట్టు మొదలుపెట్టు. వరసకూ వరసకూ మధ్య బొటనవేలు వెడల్పు చాలు. దారం చెయ్యి చాపినంత పొడుగే తీసుకో, పొడుగు దారం చిక్కులు పడుతుంది. కొవ్వొత్తి ముక్క మీద ఒకసారి గుంజితే పొరల్లో నుంచి సులభంగా జారుతుంది.

బుడ్డలచేను (తాడిపత్రి)
హంద్రి గట్టు పెద్దమ్మ చెప్పినాక ఇంక చెప్పడానికేముంది! ఒక్కటి కలుపుతా. దారం బిగించి లాగొద్దండి. కుట్టిన వరస ముడుచుకుంటే బొంత మూలకొక తీరు పోతుంది. మా జేజి ప్రతి వరస చివర వేళ్లతో వెనక్కి దువ్వి అప్పుడు ముడి వేసేది, ముడి కూడా పొరల మధ్యకు పోయేట్టు.

నల్లరేగడి (ఆదోని)
నేను పత్తి మార్కెట్టు పనిలో ఉన్నవాణ్ణి, దూది సంగతి చెప్తా అక్కా. చీరల బొంతకు దూది వద్దు. దూది పెడితే అది రజాయి అవుతుంది, దాని పద్ధతి వేరు. దూది పొర మీద కుట్లు దగ్గర దగ్గరగా పడకుంటే ఒక్క ఉతుకుకే ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది.

పరుపులకూ రజాయిలకూ పొట్టి పింజ (పోగు పొడవు తక్కువ ఉండే) దేశవాళీ పత్తి బాగుంటుంది. దాని పోగు మోటు, నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. మా పక్క ముంగారి పత్తి అని వేసేవాళ్లు మా నాయన కాలంలో. మిల్లులు పొడుగు పింజ అడగడంతో అది తగ్గుతా వచ్చింది, 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినాక చేలన్నీ దానికే మళ్లినాయి. ఇంటి ముందుకు విల్లు భుజాన వేసుకొని దూదేకులవాళ్లు వచ్చేది నాకు బాగా గుర్తు. ఆ నారి టింగుటింగుమని మోగుతాంటే పిల్లలం చుట్టూ చేరేవాళ్లం, పాత పరుపు దూది అంతా మబ్బులాగా లేచేది. ఇప్పుడు ఏకే మిషన్లు వచ్చినాయి. మీకు ఎప్పుడైనా రజాయి కావాలంటే దూది కొనేటప్పుడు గుప్పిట్లో నొక్కి వదిలి చూడండి, పైకి లేవకుండా అట్లే ఉండిపోతే అది మిల్లు వ్యర్థం.

పెన్న ఒడ్డు (కడప)
తప్పుగా అనుకోవద్దు వదినా, అడగాలనిపించింది. మా పక్క పోయినవాళ్ల గుడ్డలు ఇంట్లో ఉంచుకోరు. కట్టుకునే బట్టలు కొన్ని దహనానికే పోతాయి, మిగిలినవి దానమిచ్చేస్తారు. వాటి మీద చిన్నపిల్లల్ని పడుకోబెట్టడం మా అమ్మకైతే అస్సలు ఇష్టముండదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకున్నారా?

బుడ్డలచేను (తాడిపత్రి)
మా ఊళ్లో అట్లాంటి పట్టింపు లేదు. పెద్దవాళ్ల చీర మెత్తనిది అని బారసాలకు ఉయ్యాలకే కడతారు. ఊరికో తీరు.

హంద్రి గట్టు (కర్నూలు)
కడప అమ్మాయి అడిగింది న్యాయమే. ఇంట్లో ఒక్కరికి మనసులో ముల్లున్నా ఆ బొంత ఎవరూ కప్పుకోరు. ముందు ఇంటి పెద్దను అడగండి. ఒప్పుకోకుంటే ఆ చీరలు దానమియ్యండి, అవసరమున్న ఇంట్లో అవి కూడా బొంతలే అవుతాయి.

పాతూరి కోడలు (అనంతపురం)
మా మామను ముందే అడిగినాం. ఆయన మాట తక్కువ మనిషి. విని, ట్రంకుపెట్టె దగ్గరికి వచ్చి, అడుగున ఉన్న పంచె తీసి "ఇది నాది, ఇదీ వేయండి" అన్నారు. దాంతో మాకు అనుమానం లేకపోయింది. మీరు అడిగినందుకు ఏమీ అనుకోలేదు మరదలా, మీ అమ్మగారి మాట మీ ఇంటికి సరైనదే.

కుట్టుపని టీచరు (కడప)
ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆడపిల్లల బడిలో కుట్టు నేర్పినాను, ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయినాను.

పాత చీరలు పొరలుగా పేర్చి చిన్న చిన్న టాకాలతో కలిపి కుట్టడం దేశమంతా ఉన్న పనే. బెంగాల్లో కాంతా, బీహారులో సుజని, మనకు ఆనుకుని ఉన్న కన్నడ సీమలో కౌది. కాంతా కుట్టేవాళ్లు ఒకప్పుడు దారం కూడా కొనేవాళ్లు కాదు, పాత చీర అంచుల్లో నుంచి రంగు పోగులు లాగి వాటితోనే కుట్టేవాళ్లు. మీ అత్తగారి చీరల అంచులు చివికిపోయి ఉంటే పోగులు లాగి చూడండి, గట్టిగా వస్తే ఒక్క మూలైనా వాటితో కుట్టండి.

ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ్, యల్లాపుర అడవి పక్క సిద్దీలు ఉంటారు. ఆఫ్రికా నుంచి శతాబ్దాల కింద వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల ఆడవాళ్లు బొంత అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతా నడిమికి వస్తారు, మనలాగా ఈ చివర నుంచి ఆ చివరకు కాదు. నాలుగు మూలలకూ మడిచిన గుడ్డతో చిన్న పువ్వులు పెడితేగానీ బొంత పూర్తయినట్టు లెక్క కాదు వాళ్లకు. నలుగురు నాలుగు వైపులా కూర్చుని కుట్టాలంటే చుట్టూ తిరిగే పద్ధతే వీలు. మీరు స్నేహితురాళ్లతో కూర్చుంటున్నారు కాబట్టి ఇది ఆలోచించండి.

పాలిస్టర్ మాట ఎవరూ చెప్పలేదు. కలపొద్దు. సూది కింద జారుతుంది, చెమట పీల్చదు, పక్కనున్న నూలు గుడ్డ అరిగిపోయినా అది గట్టిగా ఉండి కుట్లను తెంపుతుంది. ఏది నూలో ఏది కాదో తెలియకుంటే ఒక పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన, పొడి బూడిద. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ అవుతుంది. మడత విప్పని ఆ చీరలు కట్టుకునేవాళ్లకు ఇవ్వండి.

పట్టు చీరలు దయచేసి కత్తిరించొద్దు. బొంత ఉతకాల, ఎండలో వేయాల, ఆ రెండూ పట్టుకు పడవు. నూలు గుడ్డలో చుట్టి పెట్టండి, అప్పుడప్పుడు మడత మార్చండి, ఒకే మడతలో ఉంటే జరీ అక్కడే విరుగుతుంది.

మిషన్ మాస్టరు (రాయదుర్గం)
నమస్తే అక్కలూ. మా ఊరు జీన్స్ కుట్టేదానికి పేరు, నేనూ ఆ పనే. మిగులు ముక్కలతో మా ఇంట్లో బొంతలు కుడతాం. జీన్స్ ముక్కలు కప్పుకునే బొంతకు వద్దు, బరువు. నేల మీద పరుచుకునే దానికి బాగా ఉంటాది, ఏండ్లు వస్తాది. దానికి నూరో నంబరు సూది వేయాల, పద్నాలుగుతో కుడితే విరుగుతాది. పదహారు అన్నా నూరు అన్నా ఒకటే, పెట్టె మీద రెండూ రాసి ఉంటాయి.

చీరల బొంత మిషన్ మీద కుట్టొచ్చు గానీ ఆరు పొరలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. కిందిది మిషన్ అడుగున ఉండే రంపం పండ్లలాంటివి లాక్కుంటాయి, పైది వెనకబడతాది. టాకాలు దగ్గరగా వేసుకుంటే సగం సమస్య తీరుతాది. నా మాట వింటే అంచు మిషన్ మీద, లోపలంతా చేత్తో.

హంద్రి గట్టు (కర్నూలు)
మాస్టరు మాట నూటికి నూరు పాళ్లు నిజం. చేత్తో కుట్టిన దాంట్లో పొరల మధ్య గాలి నిలుస్తుంది, వెచ్చదనం దానివల్లే. మిషన్ కుట్టు పొరల్ని అణిచేస్తుంది.

తండా పిల్ల (గుంతకల్లు)
మా అవ్వ గురించి రాయాలనిపించింది. మేము సుగాలీలం. మా అవ్వ అద్దాలు, గవ్వలు, రంగు ముక్కలు కలిపి కుట్టే పనిలో చేయి తిరిగింది. ఆమె పేటియాలు (మా వాళ్లు కట్టే పావడాలు) ఇప్పుడు నా దగ్గర ఉండాయి. కాలేజీకి వచ్చిన కొత్తలో హాస్టల్లో అవ్వ కుట్టిన బొంత పరిస్తే అమ్మాయిలంతా వచ్చి చేత్తో తడిమి చూసినారు, మాకూ కుట్టించవా అని అడిగినారు.

2023లో హంపిలో జీ20 సమావేశమప్పుడు 450 మందికి పైగా లంబాణీ (కర్ణాటకలో మా సుగాలీలను పిలిచే పేరు) ఆడవాళ్లు కుట్టిన 1,755 పనితనాలను ఒకేచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించినారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. సండూరు మాకు దూరమేం కాదు, అక్కడ మా బంధువులు ఉండారు. మన పక్క తండాల్లో అదే కుట్టు వచ్చిన ముసలమ్మలు చాలామంది ఉండారు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్లు కావాల. నేను అవ్వ దగ్గర కొన్ని కుట్లు నేర్చుకున్నాను, మిగిలినవి సెలవుల్లో నేర్చుకుంటా.

పాతూరి అక్కా, మూలలకు పువ్వులు పెడితే మధ్యలో ఒక చిన్న అద్దం కుట్టండి. పడుకునే వైపు కాకుండా కాళ్ల వైపు.

ప్రొద్దుటూరు పిల్లోడు (డల్లాస్)
ఊరికి దూరంగా ఉండి ఇది చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ అలబామాలో జీస్ బెండ్ అని నది వంపులో ఒక నల్లవాళ్ల ఊరుంది. అక్కడి ఆడవాళ్లు పొలం పనికి తొడిగిన పాత ప్యాంట్లు, చొక్కాలతో తరతరాలుగా బొంతలు కుట్టుకున్నారు, చలికి తట్టుకోవడానికి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని గోడలకు వేలాడదీసి ప్రదర్శన పెట్టినారు, తర్వాత న్యూయార్క్ పోయింది. 2006లో వాటి మీద అమెరికా తపాలా బిళ్లలు కూడా వచ్చినాయి. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంటు ముక్క ఫొటోలో చూసినా ఆ మనిషి ఎట్లా పని చేసినాడో తెలుస్తుంది.

మా అమ్మ నాకు ఇచ్చి పంపిన బొంత ఇక్కడ నా మంచం మీదే ఉంది. చలికాలం హీటరున్నా అదే కప్పుకుంటా. దాన్ని ఉతకడం ఎట్లా? మిషన్లో వేయాలంటే భయం.

హంద్రి గట్టు (కర్నూలు)
నాయనా, తొట్టిలో చన్నీళ్లు పోసి, తేలికపాటి సబ్బునీళ్లలో అరగంట నానబెట్టు. కాళ్లతో తొక్కు, పిండొద్దు. నీళ్ల బరువుతో దారాలు తెగుతాయి కాబట్టి ఒకే దండెం మీద వేలాడదీయకుండా రెండు దండేల మీద వంతెన మాదిరి పరిచి ఆరబెట్టు.

మా ఇంట్లో బొంతలు 2009 వరదకు మునిగినాయి. అక్టోబరు 2, తుంగభద్ర, హంద్రి రెండూ ఊళ్లోకి వచ్చినాయి. నీళ్లు తీసినాక ఇల్లంతా బురద. పరుపులు పారేసినాం, దూది లోపలికి పోయిన బురద రాదు. బొంతలు మాత్రం మా అక్కచెల్లెళ్లం అందరం కూర్చుని టాకాలు విప్పి, పొర పొరా వేరు చేసి, ఉతికి, ఎండేసి మళ్లీ కుట్టినాం. కొన్ని చీరలు పనికిరాకుండా పోయినాయి, వాటి స్థానంలో వీధిలోవాళ్లు తమ పాత చీరలిచ్చినారు. ఇప్పుడు ఆ బొంతలో ఏ పొర ఎవరిదో నాకే తెలుసు. చేత్తో కుట్టిన బొంత విప్పొచ్చు, మళ్లీ కుట్టొచ్చు. అందుకే నాకు దాని మీద అంత ప్రేమ.

పాతూరి కోడలు (అనంతపురం)
మొదటి బొంత సగం దాకా వచ్చింది, చెప్పకుండా ఉండలేకపోయినాను.

పెద్దమ్మ చెప్పినట్టు పరిచినాం. మంచాలు బయట వేసి హాలంతా ఖాళీ చేసినాం. ఆడబిడ్డలు పొద్దున బస్సుకే వచ్చినారు. నా స్నేహితురాళ్లలో ఒకామె టైలరింగు చేస్తుంది, కొలతలన్నీ ఆమె చేతికిచ్చినాం. ఇంకొకామె బ్యాంకులో చేసి రిటైరయింది, సూది పట్టింది లేదు, ఆమెకు టాకాలు అప్పగిస్తే అందరికంటే తిన్నగా వేసింది. మూడో ఆమె చిన్నప్పుడు మా పక్కింట్లో ఉండేది, మా అమ్మను అత్తా అని పిలిచేది. టీచరుగారు చెప్పిన చుట్టూ తిరిగే పద్ధతే పెట్టుకున్నాం, నాలుగు వైపులా నలుగురం. ఒకరి మోకాలు ఒకరికి తగులుతా, మాటలు ఆగకుండా. పదో తరగతిలో శనక్కాయలు దొంగతనంగా తిన్న సంగతి మొదలు పిల్లల పెండ్లిళ్ల దాకా, బీపీ మాత్రల దాకా అన్నీ వచ్చినాయి. నిత్యం ఫోన్లో మాట్లాడుకునేవాళ్లమే. అయినా చేతులు పనిలో ఉండి, కండ్లు గుడ్డ మీద ఉన్నప్పుడు వచ్చే మాటలు ఫోన్లో రావు. మా తోటికోడలు ఇన్నేళ్లలో నాతో చెప్పని దిగులు ఒకటి ఆ పూట చెప్పింది. అది ఇక్కడ రాయను.

మామ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదట పేపరు చదువుతున్నట్టు ఉండినారు. తర్వాత కండ్లద్దాలు సర్దుకుని సూదుల్లో దారం ఎక్కించి ఇయ్యడం మొదలుపెట్టినారు. ఎవరి దారం అయిపోయినా చెయ్యి చాపితే ఇంకో సూది సిద్ధం. ఆకుపచ్చ చీర పరుస్తున్నప్పుడు "ఇది పెద్దోడి అక్షరాభ్యాసానికి కొన్నది" అన్నారు. వంకాయ రంగుది ఎమ్మిగనూరు సొసైటీ అంగట్లో తీసుకున్నారంట. ఆ సంఘం 1938లో మాచాని సోమప్పగారు పెట్టిందని, కరువులో నేతగాళ్లకు అది అన్నం పెట్టిందని మాకు అరగంట చెప్పినారు. ఆయన అంతసేపు మాట్లాడింది ఈమధ్య మేం చూడలేదు. చిన్న ఆడబిడ్డ చీరల పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటా పోయింది, ఏ పొర ఏదో.

మధ్యాహ్నం ఉగ్గాని, బజ్జీలు. నూనె చేతులతో బొంత ముట్టకూడదని అందరికీ సబ్బు అందించింది బ్యాంకు ఆమె.

కుట్టుపని టీచరు (కడప)
నోటు పుస్తకం మంచి ఆలోచన. దాంట్లో నుంచి ఒక్క మాట గుడ్డ ముక్క మీద కుట్టి బొంత వెనక మూలకు పెట్టండి: ఎవరి చీరలు, ఎవరెవరు కుట్టినారు, ఏ సంవత్సరం. నా దగ్గర మా అమ్మమ్మ బొంత ఉంది, ఎవరు కుట్టినారో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

తండా పిల్ల (గుంతకల్లు)
అద్దం కుట్టినారా అక్కా?

పాతూరి కోడలు (అనంతపురం)
తెచ్చి పెట్టినాం తల్లీ. చుట్టూ కుట్టేది ఎట్లో మాకు రాదు. మీ అవ్వ చేతితో నేర్చుకున్న కుట్టు నువ్వే వచ్చి వేయాల.

తండా పిల్ల (గుంతకల్లు)
ఆదివారం వస్తా! గుంతకల్లు నుంచి రైలు ఉంది. అవ్వను కూడా తీసుకొస్తా, ఆమెకు మీ చర్చంతా చదివి వినిపించినాను.

పెన్న ఒడ్డు (కడప)
వదినా, మా అమ్మకు ఇదంతా చెప్పినాను. పోయినవాళ్ల చీరల మాట మీద ఆమె మారలేదు. కానీ తన పాత చీరలు, బతికుండగానే తన చేత్తో కత్తిరించి ఇస్తానంటోంది, నా కూతురికి బొంత కుట్టమని. నాకు టాకా వేయడం కూడా సరిగ్గా రాదు. ఆదివారం నేనూ రావచ్చా?

పాతూరి కోడలు (అనంతపురం)
అడగాలా మరదలా? అమ్మగారినీ పిలుచుకుని రా. పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కకముందే చేరతారు. భోజనం మా ఇంట్లోనే, గుంతకల్లు అవ్వకు జొన్నరొట్టె చేస్తాం. సూదులూ దారం ఇక్కడ ఉండాయి. అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగేది) మాత్రం మీ వేలికి సరిపోయేది తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నవన్నీ పెద్దవి.